కూలి కాదు, వాటా

మా అన్న మస్తానయ్య మొన్న శ్రావణంలో పోయాడు. పెద్దకర్మ అయిన వారానికి చెన్నై నుంచి ఒక కారు మా పాళెంలోకి వచ్చి ఇసుకలో కూరుకుపోయింది. పిలకాయలు చేరి దాన్ని తోసి గట్టిమీద పెడితే అందులోంచి ఇద్దరు దిగారు, ఒక కుర్రవాడూ ఒక అమ్మాయీ. ఏదో గోల్ఫు క్లబ్బుకు ఏళ్ళు నిండాయట, పుస్తకం వేస్తున్నారట. ఈ తీరంలో ఒకప్పుడు అభ్రకం కంపెనీవాళ్ళు ఇసుకలోనే గోల్ఫు ఆడేవాళ్ళని ఎవరో చెప్పారట. "మస్తానయ్యగారని ఒక క్యాడీ ఉండేవారట కదా తాతగారూ, ఆయనతో మాట్లాడదామని వచ్చాం" అంది ఆ అమ్మాయి. మర్యాదగానే అంది. క్యాడీ అంటే ఆటగాడి కర్రల సంచి మోసేవాడు. "ఆయన పోయినాడమ్మా. ఆయన క్యాడీ కాదు" అన్నాను. "మరేం చేసేవారు?" అంది. చెప్పడానికి నోరు తెరిచాను. తీరిగ్గా కూర్చుని చెప్పాల్సిన మాట అది. వాళ్ళకు చీకటి పడేలోగా నాయుడుపేట చేరి హైవే ఎక్కాలి. కొబ్బరినీళ్ళు తాగి, సముద్రాన్ని ఫొటో తీసుకుని వెళ్ళిపోయారు. చెప్పాల్సిన మాట గొంతులోనే ఉండిపోయింది. అందుకే రాస్తున్నాను. నేను బళ్ళో చదివింది మూడో తరగతి దాకా. మిగిలిందంతా పొట్లాల కాగితాల మీదా, బంగళాలో పారేసిన ఇంగ్లీషు పేపర్ల మీదా నాకు నేను నేర్చుకున్నదే. తప్పులుంటే దిద్దుకుని చదవండి. కోపాన్ని మాత్రం దిద్దకండి.

మా పాళెం సముద్రానికీ బకింగ్‌హాం కాలువకూ మధ్య ఉన్న ఇసుక పట్టీ మీద ఉండేది. ఇప్పుడూ అక్కడే ఉంది గానీ, అప్పటి పాళెం వాసనలతో ఉండేది. తెల్లవారిందని మాకు వెలుగు కంటే ముందు వాసన చెప్పేది. అమ్మ లేచి ముందురోజు ఉప్పు పట్టించిన చేపల్ని చాపమీద తిరగేసేది, ఆ వాసన ఒకటి. అప్పట్లో వలలు నూలువి. ఉప్పునీళ్ళకు చివికిపోకుండా తుమ్మచెక్క ఉడికించిన నీళ్ళలో వాటిని ముంచి ఎండేసేవాళ్ళం, ఆ వగరు వాసన మరొకటి. నాయన చుట్ట వాసన మూడోది. నాయన చుట్ట వెలిగించుకుని వాకిట్లో నిలబడి ఎవరితోనూ మాట్లాడకుండా గాలిని చూసేవాడు. గాలిని చూడటమేమిటని మీరనొచ్చు. ఆయన చూసేవాడు. చూసి, "ఈ పొద్దు వల ఎయ్యొచ్చు" అనో, "ఇంట్లోనే పడుండండి" అనో చెప్పేవాడు. అమ్మ చద్దికూడులో ఉల్లిపాయ చిదిమి, నిప్పుల మీద కాల్చిన ఎండుచేప ముక్క పెట్టేది. అన్నకు తల భాగం ఇష్టం. నాకూ అదే ఇష్టం. ఎప్పుడూ అన్నకే పోయేది, ఆయన అందులో సగం తుంచి నా వైపు తోసేవాడు.

పాళెం మొత్తానికి ఒక పెద్ద వల ఉండేది. దాన్ని పడవలో తీసుకుపోయి సముద్రంలో అర్ధచంద్రంలా వదిలి, రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకు తెచ్చేవాళ్ళు. రెండు వైపులా మగవాళ్ళు వరసగా నిలబడి లాగేవాళ్ళు. వల ఒడ్డుకు చేరాక చేపను కుప్పలుగా పోసేవాళ్ళు. మీసం వచ్చిన ప్రతి వాటాదారుకూ ఒక కుప్ప. కుప్పలు సమంగా ఉన్నాయో లేవో పెద్దకాపు చూసేవాడు, ఆయనే మా పాళేనికి పెద్ద. తర్వాత ఒక మనిషి కుప్పలకు వీపు పెట్టి సముద్రం వైపు తిరిగి నిలబడేవాడు. వెనక ఇంకొకాయన ఒక కుప్ప మీద కర్ర పెట్టి "ఇదెవురిది?" అని అరిచేవాడు. చూడని మనిషి ఒక పేరు పిలిచేవాడు. పేరు పిలిస్తే ఆ కుప్ప ఆ మనిషిది. పెద్ద చేప పడ్డా చిన్న చేప పడ్డా నోరెత్తడానికి లేదు. తాడు లాగడానికి చాలనప్పుడు కాలువ అవతల పొలాలున్న మెరకూళ్ళ నుంచి మనుషులు వచ్చేవాళ్ళు. వాళ్ళు కూలివాళ్ళు. వాళ్ళకు చివర్లో తువ్వాల్లో ఇన్ని చేపలు వేసి పంపేవాళ్ళు. కుప్ప ఉండదు. పేరు పిలవరు. పంచాయితీలో వాళ్ళకు మాట ఉండదు. మేం ఎంత పేదవాళ్ళమో చెబితే మీరు నమ్మరు. అయినా మాలో ఎవరినైనా కూలివాడా అంటే కొట్టుకు చచ్చేవాళ్ళం. "మనది పేరు పిలిచే ఇల్లురా" అనేవాడు నాయన. మాకున్న ఆస్తి అదొక్కటే.

పాళేనికి దక్షిణంగా, సరుగుడు తోపు దాటాక, గూడూరు అభ్రకం కంపెనీవాళ్ళ బంగళా ఉండేది. ఎండాకాలం గాలి కోసం కట్టుకున్నది. మేనేజరు రాఘవరావుగారు శనివారం జీపులో వచ్చి ఆదివారం సాయంత్రం వెళ్ళేవారు. ఆయన మద్రాసులో గోల్ఫు నేర్చుకున్న మనిషి. ఆ పిచ్చి కొద్దీ ఇసుక దిబ్బల మీద ఆరు గుంటలతో ఒక మైదానం చేయించారు. గోల్ఫుకు పచ్చిక కావాలి. మా ఇసుకలో తుమ్మముల్లు తప్ప ఏం మొలుస్తుంది? అందుకని ప్రతి గుంట చుట్టూ కొంత మేర ఇసుకలో, లారీల్లో వాడేసిన ఇంజనాయిలు కలిపి, రోలరుతో తొక్కించి, చాపలా చదును చేసేవాళ్ళు. దాన్ని బ్రౌను అనేవాళ్ళు. బంతి దానిమీద నునుపుగా దొర్లేది. ఆ బ్రౌనులు రోజూ దువ్వి, నూనె పోసి, రోలరు లాగడానికి మనిషి కావాలి. తుఫాను రోజుల్లో వల ఎండిపోయి ఉన్నప్పుడు మా అన్న ఆ పనికి కుదిరాడు. అక్కడ కూలి తీసుకోవడం ఆయనకు తప్పనిపించలేదు. రోలరు లాగడానికి కూలి, వల లాగడానికి వాటా. రెండూ వేరు. ఆయన బుర్రలో ఆ గీత చాలా స్పష్టంగా ఉండేది.

అమ్మకు మాత్రం ఆ నూనె వాసన గిట్టేది కాదు. అన్న ఇంటికి రాగానే ముక్కు మూసుకునేది. "చేపకంపు ఒదిలి లారీకంపు బట్టినావు గదరా. ఏ పిల్ల వొస్తాదిరా నీ పక్కకు?" అనేది. "డ్రైవరు కూతురొస్తాదిలే మా" అనేవాడు అన్న. నాయన నవ్వేవాడు కాదు. "కాలు యాడ బెడితే ఆడ మన్ను అంటుకుంటాది. చూసుకో అబ్బయ్యా" అనేవాడు.

రోలరు లాగుతూ లాగుతూ అన్న ఆట పట్టేశాడు. మేనేజరుగారు పారేసిన విరిగిన ఇనుపకర్రకు సరుగుడు కొమ్మ బిగించుకుని, సాయంత్రాలు ఎవరూ లేనప్పుడు కొట్టేవాడు. అందరూ బంతిని పైకి లేపి కొడితే గాలి దాన్ని ఎత్తుకుపోయి తోపులో పడేసేది. అన్న నేలకు మనిషెత్తులో కొట్టేవాడు. ఒకసారి ఆదివారం జోడు ఆటకు మేనేజరుగారి తరఫున ఆడవలసినాయన రాలేదు. కాలువ దాటించే బల్లకట్టు ఆ పూట నడవలేదు. మద్రాసు నుంచి వచ్చిన పెద్దమనుషులిద్దరూ ఎదురుగా నిలబడి వేళాకోళం చేస్తుంటే, మేనేజరుగారు ఉక్రోషం కొద్దీ "మా రోలరువాడే మీకు చాలు" అని అన్నను పిలిచారు. పందెం మేక. మేక మా వాకిట్లోకి వచ్చింది. అన్నే తోలుకొచ్చాడు, సగం కోసి బంగళాకు పంపించాడు.

మరుసటి ఆదివారం మేనేజరుగారు మనిషిని పంపారు, ఆడటానికి రమ్మని, ఆ పూటకు రెట్టింపు కూలి ఇస్తానని. నేనూ అన్న వెంట వెళ్ళాను. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళుంటాయి, అన్నకు ఇరవై రెండు. అన్న బంగళా మెట్ల కింద చేతులు కట్టుకోకుండా నిలబడ్డాడు. "రోలరు లాగమంటే కూలికి లాగతా సార్. ఆటకు కూలి ఒద్దు. వాటా అయితే ఆడతా" అన్నాడు. మేనేజరుగారు నవ్వారు. "ఏం వాటారా?" అన్నారు. "గెలిచిందాంట్లో మీకు సగం, నాకు సగం. ఓడితే ఇద్దరికీ ఏమీ లేదు. తాడు ఇద్దరం లాగతుండాం గదా సార్." ఆయన "సరే మస్తానయ్యా, నువ్వు నా పార్టనర్‌వి, పో" అన్నారు. అన్న ఇంటికొచ్చి ఆ మాట నాయనకు చెప్పాడు. చుట్ట నోట్లోంచి తీసి, "అట్టాగన్నాడా? పేరు బెట్టి పిలిచినాడా?" అన్నాడు నాయన. "పిలిచినాడు నాయనా, మస్తానయ్యా అని." నాయన మనసు ఆ రోజు మాత్రం కొంచెం మెత్తబడింది.

రెండేళ్ళు అలా సాగింది. బియ్యం బస్తాలు వచ్చాయి, కిరసనాయిలు డబ్బాలు వచ్చాయి, ఒకసారి అమ్మకు బెంగుళూరు చీర వచ్చింది. అమ్మ దాన్ని కట్టుకోలేదు, పెట్టెలో పెట్టి అప్పుడప్పుడు తీసి చూసుకునేది. కానీ ఆ రెండేళ్ళలో అన్న తాడు దగ్గరికి రావడం తగ్గిపోయింది. శని, ఆదివారాలు ఆటే. మిగతా రోజులు బ్రౌనుల పని. వరసలో ఆయన నిలబడే చోటు ఖాళీగా ఉండేది. పెద్దకాపు ఆ ఖాళీ వైపు చూసేవాడు.

ఒక ఆదివారం మద్రాసు నుంచి ఒక రిటైరైన మిలిటరీ పెద్దమనిషి వచ్చారు. తెల్లమీసాలు, గట్టిగొంతు. ఆయన ఆడలేదు, బెత్తం కుర్చీ తీసుకుని దిబ్బమీద కూర్చుని అన్న ఆటనే చూస్తూ ఉన్నారు. ఆ రోజు గాలి చెవుల్లో ఊదినట్టు ఉంది. ఆట అయ్యాక ఆయన మేనేజరుగారితో ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడారు. తర్వాత మేనేజరుగారు మాకు చెప్పారు. ప్రపంచంలోని దేశాలన్నీ రెండేళ్ళకోసారి గోల్ఫు పోటీ పెడతాయట. దేశానికొక జట్టు, జట్టుకు నలుగురు. నాలుగు రోజులు ఆడతారట. ఈసారి పోటీ సముద్రం ఒడ్డున, గాలి కొట్టే చోట. మన దేశం జట్టును ఎంచే కమిటీకి ఈ మిలిటరీ ఆయనే పెద్ద. గాలిలో ఆడగలిగినవాడు ఆయనకు ఒక్కడూ దొరకలేదు. మద్రాసులో పరీక్ష ఆటకు మేనేజరుగారితో పాటు మస్తానయ్య కూడా రావాలి. ఏ దేశంలో ఆ పోటీ, ఏ సంవత్సరం, అవి నేను రాయను. రాస్తే ఆ నలుగురెవరా అని వెతికేవాళ్ళు బయలుదేరతారు. మేనేజరుగారి మనవరాళ్ళు బతికే ఉన్నారు, వాళ్ళు ఏ పాపమూ చేయలేదు.

అన్నకు దేశం, విమానం, ఇవేవీ పట్టలేదు. ఆయనకు పట్టింది నలుగురు అన్న మాట. "నలుగురేనంటరా. నలుగురికీ నాలుగు వాటాలు. దేశం మొత్తానికి పెద్ద వల అదే గదా" అన్నాడు నాతో. ఇంగ్లీషు పేపరులో నేను చదివి ఇంకో సంగతి చెప్పాను. ప్రతి రోజూ నలుగురు ఆడినా, బాగా ఆడిన ముగ్గురి లెక్కే జట్టుకు కలుపుతారు, నాలుగోవాడిది పక్కన పెట్టేస్తారు. అన్న లేచి కూర్చున్నాడు. "అదేం న్యాయంరా? నాలుగోవాడు తాడు లాగలేదా?" అన్నాడు. "లాగినాడు గానీ లెక్కలోకి రాడు" అన్నాను. "అయితే నేను నాలుగోవాణ్ణి గాకుండా చూసుకోవాల" అని పడుకున్నాడు. ఆయన మనసులో ఏముందో నాకు ఆ మాటతో తెలిసింది. జట్టులో చేరడం అనేది ఆయనకు కుప్ప. పేరు పిలిపించుకోవడం. దానికోసం ఆయన ఏదైనా చేసేవాడు, ఒక్కటి తప్ప.

ఆ పోటీ అమెచ్యూర్లది. అమెచ్యూరు అంటే ఏమిటో అప్పుడు మాకు తెలియదు. ప్రతిఫలం కోసం కాక ఆటమీది మోజుతో ఆడేవాడు అమెచ్యూరట. కడుపు నిండినవాళ్ళు కనిపెట్టిన మాట అని నేననుకుంటాను, ఎవరేమన్నా సరే. అమ్మ అన్నకు తెల్లచొక్కా కుట్టించింది, బంగళా వంటమనిషి దగ్గర పాతబూట్లు అడిగి తెచ్చింది. దారిలో తినమని వేయించిన రొయ్యపొట్టు పొడి మూట కట్టింది. నాయుడుపేటలో రైలెక్కాం. మేనేజరుగారు మొదటి తరగతిలోంచి దిగి, గుమ్మిడిపూండిలో బండి ఆగినప్పుడు మా పెట్టె దగ్గరికొచ్చారు. "మస్తానయ్యా, అక్కడ నిన్ను కొన్ని ప్రశ్నలడుగుతారు. ఆడినందుకు ఏమైనా తీసుకున్నావా అంటే, ఏమీ తీసుకోలేదని చెప్పు" అన్నారు.

"వాటా తీసుకున్నా గదా సార్."

"అది చెప్పొద్దు. ఏమీ తీసుకోలేదను. అంతే."

ఎందుకో చెప్పలేదు. మీకు అర్థమైందా, ఎందుకో చెప్పలేదు! రైలు ఆగింది చాలాసేపు. చెప్పడానికి తీరిక ఉంది. చెబితే తెలుసుకోలేనంత మొద్దులమా మేము? ఆయన వెళ్ళిపోయాక అన్న నా వైపు తిరిగాడు. "ఏమీ తీసుకోకుండా ఒకరికి పనిజేస్తే దాన్నేమంటారురా?" అని అడిగాడు. "వెట్టి" అన్నాను. "అదే గదా" అన్నాడు. మా పక్క మెరకూళ్ళలో రెడ్ల పొలాల్లో అప్పటికీ వెట్టిచేసే మనుషులున్నారు. వాళ్ళను మేం చూశాం. కూలివాడైనా సాయంత్రానికి తువ్వాల్లో మూట కట్టుకుని పోతాడు. వెట్టివాడికి అదీ లేదు.

మద్రాసు క్లబ్బులో పచ్చికను చూసి అన్న మొదటిరోజు తడబడ్డాడు. నీళ్ళు పోసి పెంచిన గడ్డిమీద ఇంత మెత్తగా నడవడం ఎప్పుడూ లేదు. మర్నాడు మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి లేచింది. అప్పుడు చూడాలి! మిగతావాళ్ళ బంతులు గాలిపటాల్లా ఎటో పోతుంటే, అన్న బంతి నేలబారున పోయి గుంట పక్కన ఆగేది. కోటు వేసుకున్నవాళ్ళు ఆట మానేసి వచ్చి చూశారు. సాయంత్రానికి అన్న పేరు పైన ఉన్న నలుగురిలో ఉంది. మేనేజరుగారు అయిదోవాడు.

ఆట అయ్యాక లోపల హాల్లోకి పిలిచారు. బల్ల వెనక ముగ్గురు, మధ్యలో మిలిటరీ ఆయన. మేనేజరుగారు పక్కన కుర్చీలో. నేను వరండాలో తలుపు దగ్గర నిలబడ్డాను, అన్న బూట్లు చేత్తో పట్టుకుని. లోపలికి వాటితో పోవాలో లేకుండా పోవాలో తెలియక ఆయన విప్పేసి ఉత్తకాళ్ళతో వెళ్ళాడు. ముగ్గురిలో ఒకాయనకు అరవ కలిసిన తెలుగు వచ్చు. ఆయన కాగితం చూస్తూ అడిగాడు. "నీవు రాఘవరావుగారి దగ్గర పని చేస్తావా?"

"బ్రౌనులు దువ్వతా సార్."

"ఆడినందుకు కూడా ఆయన కూలి ఇస్తారా?"

ఈ ఒక్క ప్రశ్న ఇంకోలా అడిగి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. అంతమంది పెద్దమనుషుల మధ్య, తెల్లచొక్కా వేసుకుని, గెలిచి నిలబడ్డ మా అన్నను కూలి తీసుకుంటావా అని అడిగారు. అన్న తల ఎత్తాడు.

"కూలి కాదు సార్. వాటా" అన్నాడు. "ఆటకు నేను కూలి ముట్టను. ఆయనా నేనూ పందెం కాసి ఆడతాం. గెలిచిందాంట్లో ఆయన సగం, నేను సగం. అడగండి సార్ ఆయన్నే."

ఎంత గర్వంగా చెప్పాడనుకున్నారు! తనను కూలివాడని తీసేస్తారేమోనని, తాను వాళ్ళ సాటి మనిషినని నిరూపించుకోవడానికి చెప్పాడు. అరవాయన ఆ మాట ఇంగ్లీషులో మిగతా ఇద్దరికీ చెప్పాడు. మిలిటరీ ఆయన కలం కింద పెట్టారు. ముగ్గురూ అన్న వైపు కాదు, మేనేజరుగారి వైపు చూశారు. పందేనికి ఆడి పంచుకున్నవాడు అమెచ్యూరు కాకపోతే, ఆ రెండో సగం తీసుకున్న మనిషి ఏమవుతాడు? ఆ సంగతి నాకు తర్వాత ఏళ్ళకు అర్థమైంది. మేనేజరుగారికి ఆ క్షణంలోనే అర్థమైంది.

ఆయన నవ్వారు. ముందు ఇంగ్లీషులో ఏదో అన్నారు, తర్వాత మాకు కూడా తెలియాలని కాబోలు తెలుగులో అన్నారు. "అమాయకుడండీ. మా దగ్గర రోలరు లాగే కూలి. నా సంచి మోస్తాడు, సరదాకు నాతో పాటు కొట్టనిస్తాను. పండక్కీ పబ్బానికీ ఏదో ఇస్తుంటాం, వీళ్ళకు అలవాటు కదా. దాన్నే వాటా అనుకుంటున్నాడు."

అన్న ఆయన వైపు తిరిగి చూశాడు. కోపంగా కాదు. మాట సరిగ్గా వినపడని మనిషి చూసినట్టు చూశాడు. "సార్, మేకను సగం కోసి పంపించింది పండక్కా సార్?" అన్నాడు. మిలిటరీ ఆయన ముఖం ఎర్రబడింది. ఆయనకు నిజం తెలుసని నేనిప్పటికీ అనుకుంటాను. తెలిసీ, కూలికి సంచి మోసేవాడు అమెచ్యూరు కాడని కాగితం మడిచారు. అన్నతో, క్లబ్బులో క్యాడీగా చేరమనీ, మంచి కూలి ఇప్పిస్తాననీ అరవాయన చేత చెప్పించారు. అన్న దండం పెట్టి బయటికొచ్చి, నా చేతిలోంచి బూట్లు తీసుకుని, వాటిని జాగ్రత్తగా వరండా గోడ పక్కన జతగా పెట్టి నడిచాడు. రైల్లో రొయ్యపొట్టు మూట విప్పి నాకు ఎక్కువ పెట్టాడు.

అయిదోవాడు నాలుగోవాడయ్యాడు. రాఘవరావుగారు విమానమెక్కి వెళ్ళి దేశం తరఫున ఆడారు. పేపరు తెప్పించుకుని నేను నాలుగు రోజుల లెక్కలూ వెతికి చదివాను. నాలుగు రోజులూ పక్కన పెట్టేసిన లెక్క ఆయనదే. నాకు పండగలా ఉంది. పరుగెత్తుకుని వెళ్ళి అన్నకు చెప్పాను. ఆయన చేప చేరే వల ఒడిని కుడుతున్నాడు. "నాలుగు రోజులూనా?" అన్నాడు. "అయితే అంత దూరం పోయి కుప్ప లేకుండా వొచ్చినాడా! పాపం" అన్నాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పుడే కాదు, ఇది రాస్తుంటే కూడా మండుతోంది.

అన్న మళ్ళీ తాడు దగ్గరికి పోయిన రోజు పెద్దకాపు పంచాయితీ పెట్టాడు. "రెండేండ్లు నీ చోటు ఖాళీ. నీ తాడు ఎవురు లాగినారు? బయట కూలికి బొయ్యి, ఆడ కాదంటే ఈడికొచ్చి వాటా అంటే ఎట్టా? సంవత్సరం కూలికి లాగు. ఆనెక చూస్తాం" అన్నాడు. నాయన లేచి, "నా కొడుకు ఆడ కూలికి ఆడలా కాపూ" అన్నాడు. పెద్దకాపు చెడ్డవాడు కాదు, ఆయన కట్టుబాటు ఆయనది. "మరి కూలోడని వాళ్ళే అన్నారంట గదన్నా" అన్నాడు. ఆ మాట పాళెం దాకా ఎలా వచ్చిందో తెలియదు. బంగళా వంటమనిషి నోరే అయి ఉంటుంది. నాయన కూర్చున్నాడు. సంవత్సరం పాటు మా అన్న సొంత పాళెంలో, సొంత తండ్రి వెనక వరసలో తాడు లాగి, మెరకూళ్ళ వాళ్ళతో పాటు చివర నిలబడి తువ్వాలు పట్టాడు.

ఇప్పుడా నియమాలన్నీ మారాయట. అమెచ్యూర్లు కూడా బట్టల కంపెనీల దగ్గర, బూట్ల కంపెనీల దగ్గర తీసుకోవచ్చట, తప్పు లేదట. క్యాడీల బిడ్డలు పేరున్న ఆటగాళ్ళయ్యారట. టీవీలో చూపిస్తారు, నేనూ చూస్తాను. సంతోషించాలని తెలుసు, రాదు. మా తీరం కూడా మారింది. దిబ్బల్ని లారీల్లో ఎత్తుకుపోయారు. బంగళా ఉన్నచోట రొయ్యల చెరువు ఉంది, దాని చుట్టూ ముళ్ళకంచె. పెద్ద వల లేదు. పడవ ఒడ్డుకు రాగానే కాటా పెట్టి తూచి, ఐసు వేసి లారీలో పోస్తారు, ఫోనులోకి డబ్బు వస్తుంది. ఎవరూ ఎవరి పేరూ పిలవరు. అప్పటి కట్టుబాటులో అన్యాయం లేదని నేననను, మా అన్నకు జరిగింది చాలు ఆ మాట అనకుండా ఉండటానికి. అయినా ఇవాళ మా పాళెం పిలకాయల్ని చూస్తే, వీళ్ళను ఎవరైనా కూలివాళ్ళని అంటే వీళ్ళకు నొప్పి కూడా తెలియదే అనిపిస్తుంది. ఏది మేలో మీరే చెప్పండి. నాకు తెలియదు.

సంవత్సరం గడిచాక ఒక పొద్దున మంచి చేప పడింది. కుప్పలు పోస్తూ పెద్దకాపు ఒక కుప్ప ఎక్కువ పోయించాడు. ఎందుకో అందరికీ తెలుసు. ఆ రోజు సముద్రం వైపు తిరిగి నిలబడే వంతు మా నాయనది. వెనక కర్ర పెట్టి "ఇదెవురిది?" అని ఒక్కొక్కటే అడుగుతున్నారు, నాయన ఒక్కొక్క పేరే పిలుస్తున్నాడు. అందరివీ అయ్యాయి. చివరి కుప్ప మీద కర్ర పెట్టి అడిగారు. నాయన గొంతు ఒకసారి సవరించుకున్నాడు. అల విరిగిపోయే దాకా ఆగి, సముద్రానికి కూడా వినపడేలా పిలిచాడు, "మస్తానయ్యా!" అని.

అన్న కూలివాళ్ళ వరసలోంచి ఒక అడుగు ముందుకు వేశాడు. తువ్వాలు చేతుల్లో ఉంది. "ఒద్దు కాపూ. నాకు కూలే ఇయ్యండి" అన్నాడు.

"ఏందిరా? పిలిస్తే ఒద్దంటావా?" అన్నాడు పెద్దకాపు.

"కూలైతే ఎవురూ కాదనరు గదా" అన్నాడు అన్న. "వాటా అంటే రేపు ఇంగొకరు రావాల, అవును ఇచ్చినామని చెప్పాల."

నాయన ఇటు తిరగలేదు. పేర్లు పిలిచే మనిషి కుప్పలన్నీ ఎత్తేదాకా తిరగకూడదు. కూలి పంచే ఆయన ఏం చేయాలో తెలియక పెద్దకాపు వైపు చూసి, చివరికి తువ్వాల్లో ఇన్ని చేపలు వేశాడు. అన్న కొసలు ముడివేసుకుని ఇంటివైపు నడిచాడు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ అలాగే బతికాడు. అందరూ కుప్పలెత్తుకుని వెళ్ళిపోయారు. పేరు పిలిచిన కుప్పను ఇంకొకరు ముట్టకూడదు, తిరిగి కలపకూడదు. కాకులు వచ్చాయి. అమ్మ గంప పట్టుకుని వచ్చి దూరంగా నిలబడి చూసి, ఎత్తకుండానే వెనక్కి పోయింది. నాయన నీళ్ళవైపు చూస్తూ నిలబడే ఉన్నాడు. పోటెక్కి అల కుప్ప దాకా వచ్చి, ముందు చిన్న చేపల్ని, తర్వాత పెద్దవాటిని లాక్కుపోయింది.